నీళ్ళు నిలిచిన పాదులో వంగ వాడిపోతోంది, గోడవతల మడిలో వరి మాత్రం పచ్చగా ఉంది. ఎందుకు?

పెరటితోట_విజయనగరం:
అందరికీ నమస్తే. మాది విజయనగరం ఊరి చివర, నెల్లిమర్ల రోడ్డు వైపు. ఇంటి వెనక కాస్త జాగా ఉంటే వంగ, టమాటా, రెండు మూడు బొప్పాయిలు వేసుకున్నాం. మొన్న అల్పపీడనం వానలకి పెరడంతా మడుగైపోయింది, నీళ్ళు బయటికి పోయే దారి లేదు. వాన వెలిసి గట్టిగా ఎండ కాసేసరికి వంగ ఆకులన్నీ వేలాడేశాయి, అచ్చం నీళ్ళు పెట్టక వాడిపోయినట్టే. బొప్పాయికి కింది ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. మా అత్తగారైతే "మొదట్లో అన్ని నీళ్ళుంటే దానికి దాహం ఏటే" అంటున్నారు. నా అనుమానమూ అదే. ప్రహరీ దాటితే వరి మడి ఉంది, అక్కడ నీళ్ళు ఇంకా ఎక్కువే, అయినా వరి నిగనిగలాడుతోంది. నీళ్ళలో ఉన్న మొక్క నీళ్ళు లేనట్టు వాడిపోవడం ఏంటి? తెగులా? మందు కొట్టాలా? పిల్లల్లా పెంచుకున్న మొక్కలు, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

రాజాం_కుర్రాడు:
అక్కా, తొందరపడి మందు కొట్టకండి. వేళ్ళకి గాలి ఆడక అలా అవుతుంది, మా మిరప కూడా అలాగే పోయింది. ముందు గునపం తీసుకుని ఏదో ఒక మూల కాలువ తవ్వి నీళ్ళు బయటికి పంపండి, మిగతా చర్చ తర్వాత.

అగ్రి_ఆముదాలవలస:
కాలువ తీయమన్న మాట సరైనదే, అది ఇవాళే చేయండి. కానీ వంగ, టమాటా వానల తర్వాత వాలిపోతే ఇంకొకటి కూడా చూసుకోవాలి, బ్యాక్టీరియా ఎండు తెగులు. అదీ పచ్చగా ఉన్న మొక్కని ఉన్నపళంగా వాల్చేస్తుంది. తేడా కనిపెట్టడం తేలికే. బాగా వాడిన మొక్క ఒకటి పీకి, కాండాన్ని మొదలు దగ్గర కోసి, ఆ ముక్కని గాజు గ్లాసులో తేట నీళ్ళలో కదలకుండా వేలాడేలా పెట్టండి. కొన్ని నిమిషాల్లో కోసిన చోటు నుంచి సన్నటి తెల్లటి ధార కిందికి జారిందంటే అది బ్యాక్టీరియా. అలాంటి మొక్కని పీకి కాల్చేయాలి, ఆ పాదులో మళ్ళీ వంగ, టమాటా, మిరప జోలికి పోకూడదు. ధార రాకపోతే వేళ్ళు చూసి ఇక్కడ రాయండి. రంగు ఎలా ఉంది, వాసన వస్తోందా, పై తొక్క ఊడుతోందా.

బొబ్బిలి_మాస్టారు:
అమ్మా, మీ అత్తగారు అడిగింది చాలా మంచి ప్రశ్న. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మొక్క గాలి ఎక్కడితో పీలుస్తుంది అని అడిగితే క్లాసు మొత్తం ఆకులతో అంటుంది. వేళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు. ఇది నన్ను ఏటా బాధపెట్టే విషయం, ఎందుకంటే ఆ ఒక్కటి తెలియక ఎన్ని మొక్కలు పోతున్నాయో మన కళ్ళ ముందే ఉంది.

వేరు కూడా ప్రాణమున్న కణాలే. దానికి పచ్చదనం లేదు, వెలుతురు లేదు, కాబట్టి ఆక్సిజన్ సొంతంగా తయారు చేసుకోలేదు. ఆకు వండిన చక్కెర పైనుంచి దిగుతుంది, కానీ ఆ చక్కెర నుంచి శక్తి తీయాలంటే కావలసిన ఆక్సిజన్ చాలా మొక్కలకి మట్టిలోంచే రావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. ఆ సందుల గుండానే ఆక్సిజన్ లోపలికి, వేరు వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి నడుస్తాయి. వాన నీళ్ళు నిలిచిపోతే సందులన్నీ నిండిపోతాయి. నీటిలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ. అప్పటికే ఉన్న కాస్తనీ వేళ్ళు, మట్టిలోని సూక్ష్మజీవులు కలిసి తొందరగానే ఖర్చు పెట్టేస్తాయి.

ఇక వేరు ఆక్సిజన్ లేకుండానే చక్కెరని పులియబెట్టుకుని నెట్టుకురావాలని చూస్తుంది. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు (కణం శక్తిని ఖర్చుపెట్టుకునే చిల్లర లాంటివి) వచ్చేవి, పులిస్తే వచ్చేవి 2. దాంతో పాటు కణం లోపల ఆమ్లం పెరుగుతుంది, అది పెరిగితే నీటిని లోపలికి రానిచ్చే ప్రోటీన్ దారులు, ఆక్వాపోరిన్లు, మూసుకుపోతాయి. అంటే వేరు నీళ్ళలో మునిగి ఉండి కూడా నీళ్ళు లాగలేదు. పైన ఎండకి ఆకు మాత్రం ఆవిరి వదులుతూనే ఉంటుంది. రాబడి ఆగింది, ఖర్చు ఆగలేదు, అందుకే ఎండ రాగానే వాడిపోయింది. మబ్బు పట్టి ఉన్నంతసేపు బాగానే కనిపించి ఉంటుంది, గమనించారా?

పెరటితోట_విజయనగరం:
అవును మాస్టారూ, ముసురు ఉన్నన్నాళ్ళూ మొక్కలకి ఏమీ అవలేదనే అనుకున్నాం. ఎండ వచ్చాకే ఇదంతా.

గ్లాసులో పెట్టి చూశాం. మా అబ్బాయి దాని ముందే కూర్చున్నాడు, ధార ఏమీ రాలేదు. పీకిన వంగ వేళ్ళు గోధుమ రంగులో ఉన్నాయి, చేత్తో పట్టి లాగితే పై తొక్క ఊడివచ్చి లోపల సన్నటి నార మిగులుతోంది, మురుగు కంపు. కాలువ తీశాం, నీళ్ళు చాలావరకు దిగాయి. ఒకటి వింతగా ఉంది, టమాటా మొక్కకి మట్టికి కొంచెం పైన కాండం మీద తెల్లటి బొడిపెలు వచ్చాయి, ఒకచోట అవి వేళ్ళలా బయటికి పొడుచుకొచ్చాయి కూడా. దాని ఆకులు వాడలేదు కానీ కాడలన్నీ కిందికి వంగిపోయాయి. ఇదేంటి?

అగ్రి_ఆముదాలవలస:
తొక్క ఊడిన వేరు మళ్ళీ కోలుకోదు. అలా అన్ని వేళ్ళూ పోయిన మొక్కని తీసేయండి. సగం వేళ్ళు తెల్లగా ఉన్నవాటికి మాత్రం ఆశ ఉంది. మట్టి ఇంకా బురదగా ఉండగా తవ్వి కెలకొద్దు, మిగిలిన సందులు కూడా పూడిపోతాయి. పైపైన ఆరాక చిన్న తొళ్ళికతో పైమట్టి గుల్ల చేయండి. వేళ్ళు పని చేయట్లేదు కాబట్టి మొదట్లో ఎరువు కుమ్మరించడం దండగ, ఆకుల మీదే లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. వేరు కుళ్ళు పాకకుండా లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ మొదళ్ళలో పోయొచ్చు. కానీ నీళ్ళు నిలవకుండా చూసుకోకపోతే ఏ మందూ పని చేయదు.

బొబ్బిలి_మాస్టారు:
ఆ తెల్లటి బొడిపెలు చూసి సంతోషించండమ్మా, టమాటా బతకడానికి చేసుకుంటున్న ఏర్పాటు అది. కింది వేళ్ళకి ఊపిరి అందకపోతే గాలి దొరికే ఎత్తులో, కాండం నుంచే కొత్త వేళ్ళు వేస్తుంది. మొక్కజొన్న కూడా ఇలాగే చేస్తుంది. నీళ్ళు దిగాక ఆ వేళ్ళ మీదకి కాస్త పొడి మట్టి ఎగదోయండి.

కాడలు వంగడానికి కారణం ఎథిలీన్ అనే వాయువు. మనం పండ్లు మగ్గడం దగ్గర వినే ఎథిలీనే. గాలి అందని వేరు దాని ముడి పదార్థాన్ని తయారు చేసి పైకి పంపుతుంది. ఎథిలీన్‌గా మారాలంటే ఆక్సిజన్ కావాలి, అది కింద లేదు, పైన ఆకుల్లో ఉంది. అందుకే కింద జరిగిన కష్టం పైన కాడల్లో కనిపిస్తుంది. నీళ్ళు తగ్గి వేరు కోలుకున్నాక కొత్తగా వచ్చే ఆకులు మామూలుగానే నిలబడతాయి.

వంశధార_రైతు:
నరసన్నపేట దగ్గర మాది. వరి సంగతి నేను చెబుతాను, చదువు మాట మాస్టారు సరిదిద్దుతారు. వరి మొక్కని మడిలోంచి మెల్లగా పీకి కడిగి చూడండి. బాగున్న వేరు తెల్లగా ఉండి, పాత భాగాల మీద తుప్పు రంగు పూత ఉంటుంది. బాగాలేని మడిలో వేరు నల్లగా ఉంటుంది, కోడిగుడ్డు కుళ్ళిన కంపు కొడుతుంది. మా నాన్న పైరు పసుపెక్కితే ఎరువు సంచి దగ్గరికి పోయేవాడు కాదు, ముందు ఒక మొక్క పీకి వేరు వాసన చూసేవాడు. నల్లగా ఉంటే గట్టు కోసి నీళ్ళు తీసేసి, మడి నెర్రెలు విచ్చే ముందు వరకు ఆరబెట్టి, అప్పుడు మళ్ళీ పెట్టేవాడు. వారం తిరిగేసరికి పైరు తేరుకునేది. వరికి నీళ్ళు ఇష్టం అంటారు గానీ దానికీ వేరు ఆరాలి.

బొబ్బిలి_మాస్టారు:
సరిదిద్దడానికి ఏమీ లేదు, మీ నాన్నగారి పరీక్ష నూటికి నూరుపాళ్ళు శాస్త్రమే. ఆ తుప్పు నిజంగా తుప్పే. వరి వేరు లోపల పొడవునా గాలి గదులుంటాయి, ఆకు దగ్గర నుంచి వేరు కొస దాకా. ఆక్సిజన్ ఆ దారిన దిగి, వేరు చివరన కాస్త మట్టిలోకి కూడా కారుతుంది. బురద నీటిలో కరిగి ఉన్న ఇనుముకి ఆ ఆక్సిజన్ తగిలి తుప్పు కడుతుంది. అంటే తుప్పు రంగు కనిపిస్తే ఆకు పంపిన గాలి వేరు దాకా చేరుతోందని రుజువు. నల్లబడి కంపు కొట్టిందంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష వాయువు పేరుకుపోయి, వేరుకి దాన్ని ఎదుర్కొనేంత ఆక్సిజన్ అందట్లేదని.

వంగకి, బొప్పాయికి ఇలాంటి గాలి గదులు చెప్పుకోదగ్గంత లేవు. బొప్పాయి అయితే మరీ సున్నితం, రెండు మూడు రోజులు నీళ్ళు నిలిచినా చనిపోతుంది. గోడకి ఇవతల, అవతల తేడా అదీ.

ఉద్దానం_పిల్ల:
నేను సోంపేట దగ్గర, బీఎస్సీ బోటనీ చదువుతున్నాను. వరి ఆకుతో ఇంకో అద్భుతం ఉంది, ఇంట్లోనే చూడొచ్చు. వరి ఆకు లేకపోతే చేమ ఆకు తీసుకుని బకెట్లో నీళ్ళ కింద ముంచి ఏటవాలుగా చూడండి. ఆకు పచ్చగా కనిపించదు, వెండి రేకు పరిచినట్టు తళతళలాడుతుంది. పైకి తీస్తే పొడిగా ఉంటుంది. ఆకు మీది మైనపు నూగుకి నీళ్ళు అంటవు కదా, అందుకని నీళ్ళకీ ఆకుకీ మధ్య పల్చటి గాలి పొర చిక్కుకుంటుంది. ఆ మెరుపు ఆ గాలిదే.

వరద వచ్చి వరి నిలువునా మునిగిపోయినప్పుడు ఈ పొరే దాని ప్రాణం కాపాడుతుంది. పగలు నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఆ పొరలోకి చేరి అక్కడి నుంచి ఆకులోకి పోతుంది, రాత్రి ఆక్సిజన్ అదే దారిన పోతుంది. నీళ్ళలో ఎక్కువ రోజులుంటే పొర తగ్గిపోతుంది, అప్పటి నుంచి మొక్క నీరసిస్తుంది. మా ల్యాబ్‌లో ఆ మెరుపు మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు బకెట్ వదల్లేదు నేను.

ఇంకా చెరువులో కలువ ఉంది కదా, దాని తూడు అడ్డంగా కోస్తే గొట్టాలు కనిపిస్తాయి. కలువ జాతిలో కొన్నింట లేత ఆకుల్లో పగటి వేడికి లోపలి గాలి ఒత్తిడి పెరిగి, ఆ గాలి తూడు గుండా అడుగు బురదలోని దుంపకి దిగి, ముదురు ఆకుల గుండా మళ్ళీ పైకి వస్తుంది. గుండె లేదు, ఊపిరితిత్తులు లేవు, అయినా గాలి ఒక దారిన వెళ్ళి ఇంకో దారిన వస్తోంది. కోరింగ మడ అడవికి వెళ్ళినవాళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు చూసే ఉంటారు, అవీ ఊపిరి కోసమే.

అగ్రి_ఆముదాలవలస:
మునక మాట వచ్చింది కాబట్టి నాగావళి, వంశధార లంక పొలాల వాళ్ళకి ఒక మాట. మునిగిన వరిలో ఎథిలీన్ నీళ్ళలోంచి బయటికి పోలేక మొక్కలోనే పేరుకుంటుంది. దాని ప్రేరణతో మామూలు రకాలు నీళ్ళ పైకి రావాలని గబగబా సాగుతాయి, నిల్వ ఉన్న పిండి పదార్థమంతా ఖర్చయిపోతుంది, నీళ్ళు దిగేసరికి నిలబడే సత్తువ ఉండదు. స్వర్ణ సబ్-1 రకంలో ఉన్న జన్యువు ఈ సాగుడుని ఆపుతుంది. మొక్క కదలకుండా కూర్చుని, నీళ్ళు దిగాక చిగురిస్తుంది, సుమారు రెండు వారాల మునక దాకా తట్టుకుంటుంది. ఆ గుణం ఒడిశా నుంచి వచ్చిన పాత దేశవాళీ రకంలోది. మన దేశంలో 2009లో విడుదలైంది. ప్రతి ఏటా మునిగే పల్లం మడికి ఇది ఆలోచించదగ్గ రకం, మెరక పొలానికి అవసరం లేదు.

రాజాం_కుర్రాడు:
వరి గాలి గదుల్లోంచి ఆక్సిజన్ కిందికి దిగితే, కింది వాయువులు పైకి కూడా వస్తాయా? భూమిని వేడెక్కించే వాయువు, వరి పొలాల మీథేన్ అంటారే, అది ఇదేనా?

అగ్రి_ఆముదాలవలస:
అదే. బురదలో ఆక్సిజన్ లేని చోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తాయి. మడిలో నడిస్తే బుడగలుగా వచ్చేది కొంతే, ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి దారిలోంచే పైకి వచ్చి గాలిలో కలుస్తుంది.

వంశధార_రైతు:
ఈ మాట వింటే నాకు మనసు కష్టమవుతుంది. అన్నం పెట్టే పంటని కాలుష్యం లెక్కలో రాస్తారు. నీళ్ళు వదిలేది మేం కాదు, కాలువకి ఎప్పుడు వస్తే అప్పుడు పట్టుకోవాలి, మళ్ళీ వస్తాయో రావో తెలియదు. అందుకే నిండా పెట్టుకుంటాం.

అగ్రి_ఆముదాలవలస:
అన్నా, మీ మాట నిజం. కాలువ వంతుల మీద బతికే రైతుకి ఆరబెట్టమని చెప్పడం తేలిక, చేయడం కష్టం. నేను అనేది బోరు నీళ్ళు చేతిలో ఉన్నవాళ్ళకి. చిల్లులు పెట్టిన ఒక పైపు ముక్కని మడిలో దింపి, లోపల నీటి మట్టం నేల కంటే 15 సెంటీమీటర్లు దిగాక మళ్ళీ పెట్టడం, పూత సమయంలో మాత్రం నీళ్ళు తగ్గనివ్వకపోవడం. దీనివల్ల వేరుకి గాలి అందుతుంది, మీథేన్ తగ్గుతుంది, కరెంటు మిగులుతుంది. మీ నాన్నగారు గట్టు కోసి చేసిన పని కూడా ఇదే తోవలోది.

చోడి_చేను:
గజపతినగరం వైపు మెరక పొలం మాది. మీరంతా వేళ్ళ గురించే మాట్లాడుతున్నారు, మా సమస్య తిరగబడి ఉంటుంది. మాకు గాలికి కొరత లేదు, నీళ్ళకే కొరత. ఆకు కార్బన్ డయాక్సైడ్ తీసుకోవడానికి రంధ్రం తెరిస్తే నీళ్ళు ఆవిరైపోతాయి, మూస్తే ఆకలి. ఒకే ఎండలో పక్క చేలో కూరగాయలు వాలిపోతే చోడి (రాగి) ఎలా తట్టుకుంటుందో మాస్టారు చెప్పాలి.

బొబ్బిలి_మాస్టారు:
మొక్క జీవితంలో అసలైన చిక్కు మీరు ఒక్క మాటలో చెప్పేశారు. ముందు ఆ రంధ్రం ఎలా ఉంటుందో కళ్ళతో చూస్తే మిగతాది అర్థమవుతుంది. ఆకు అడుగున రంగు లేని గోళ్ళ పాలిష్ పల్చగా పూసి, ఆరాక పారదర్శకమైన టేపు అంటించి లాగితే ఆకు చర్మం అచ్చు ఊడివస్తుంది. దాన్ని స్కూలు మైక్రోస్కోపులో గానీ, అట్టతో మడిచే ఫోల్డ్‌స్కోప్‌లో గానీ చూడండి. రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు రెండు కణాలు, మధ్యలో చీలిక. అదే పత్రరంధ్రం. పొద్దున్న వెలుతురు తగలగానే ఆ కణాల్లోకి పొటాషియం చేరుతుంది, వెనకాలే నీళ్ళు చేరతాయి, కణాలు ఉబ్బి విల్లులా వంగి చీలిక తెరుచుకుంటుంది. నీటి కొరత వస్తే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పొటాషియంని బయటికి పంపిస్తుంది, కణాలు మెత్తబడి చీలిక మూసుకుంటుంది. చాలా ఆకుల్లో చదరపు మిల్లీమీటరుకి వంద నుంచి మూడు వందల దాకా ఉంటాయి, అన్నీ పూర్తిగా తెరిచినా ఆకు వైశాల్యంలో ఒకటి రెండు శాతమే.

మామిడికి ఇవి ఆకు అడుగునే ఉంటాయి. వరికి రెండు వైపులా. కలువకి నీటిని తాకే అడుగు పనికిరాదు కాబట్టి పైన. గన్నేరుకి అడుగున చిన్న గుంతల్లో, గుంత నిండా నూగు, లోపలి తేమ గాలికి ఎగిరిపోకుండా. చెరువులో పూర్తిగా మునిగి ఉండే నాచు మొక్కకి, మన హైడ్రిల్లాకి, అసలు రంధ్రాలే లేవు, పల్చటి ఆకు ఒళ్ళంతటితోనూ నీటిలోంచే తీసుకుంటుంది.

ఇక చోడి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ చాలా పల్చన, పది లక్షల భాగాల్లో సుమారు 420 భాగాలే. వరి, వంగ లాంటివి ఒక అణువు కార్బన్ డయాక్సైడ్ సంపాదించడానికి నాలుగు వందలకి పైగా నీటి అణువులు పోగొట్టుకుంటాయి. చోడి, జొన్న, మొక్కజొన్న, చెరకు ఆకుల్లో కార్బన్ డయాక్సైడ్‌ని ముందు పట్టి, ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి తోసి, అక్కడ చిక్కగా పోగుచేసే ఏర్పాటు ఉంది. అందుకే రంధ్రాలు సగం మూసుకున్నా వాటి పని జరిగిపోతుంది, నీటి ఖర్చు సగమో అంతకంటే తక్కువో. మన పెద్దలు మెరక మీద చోడి, పల్లంలో వరి పెట్టారంటే ఊరికే కాదు.

సీతంపేట అనాస ఇంకో మెట్టు పైన. అది పగలు రంధ్రాలు దాదాపు మూసేసి రాత్రి చల్లదనంలో తెరుస్తుంది, రాత్రంతా కార్బన్ డయాక్సైడ్‌ని ఆమ్లంగా దాచి, పగలు తలుపులు వేసుకుని ఆ నిల్వతో వంట చేసుకుంటుంది. దాని నీటి ఖర్చు 50 అణువుల దరిదాపు.

ఉద్దానం_పిల్ల:
మాస్టారూ, అనాస మాట వచ్చింది కాబట్టి ఇది కూడా తేల్చేయండి. కలబంద, స్నేక్ ప్లాంట్ రాత్రి ఆక్సిజన్ ఇస్తాయని, పడకగదిలో పెట్టుకోమని అందరూ ఫార్వర్డ్ చేస్తుంటారు. రావి చెట్టు కూడా అంటారు. ఇంకోవైపు మా అమ్మమ్మ చింతచెట్టు కింద రాత్రి పడుకుంటే ఊపిరాడదంటుంది.

బొబ్బిలి_మాస్టారు:
రెండూ నిలబడవు. ఆక్సిజన్ వచ్చేది నీటి అణువు చీలడం నుంచి, చీల్చేది వెలుతురు. చీకట్లో ఏ మొక్కా ఆక్సిజన్ ఇవ్వదు. కలబంద రాత్రి చేసేది కార్బన్ డయాక్సైడ్ తీసుకోవడం మాత్రమే, ఆక్సిజన్ పగలే వస్తుంది. ఆకుపచ్చ భాగాలు, అదీ వెలుతురులోనే, గాలిని బాగుచేస్తాయని ఇంగెన్‌హౌస్ అనే శాస్త్రవేత్త 1779లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. అంతకు ముందు 1771లో ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్త మొక్క గాలిని బాగుచేస్తుందని పుదీనా కొమ్మతో చూపినప్పుడు వెలుతురు సంగతి ఆయనకి తట్టలేదు.

అమ్మమ్మగారి చింతచెట్టు గురించి. చెట్టు రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదిలేది నిజమే, కానీ ఆరుబయట గాలి నిలవదు, కలిసిపోతుంది. ఒక మనిషి రోజుకి సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు, గదిలో పక్కన పడుకున్న మనిషి ముందు కుండీ మొక్క లెక్కలోకి రాదు. పురుగూ పుట్రా భయానికి చెట్టు కింద పడుకోవద్దంటే మాత్రం పెద్దల మాట వినండి.

పలాస_జీడి:
ఆలస్యంగా చూశాను, కానీ ఈ చర్చ మా వీధికి చాలా అవసరం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా దగ్గర జీడి, కొబ్బరి ఎలా పడిపోయాయో అందరికీ తెలుసు. పడకుండా నిలబడ్డ చెట్లకి ఒక్క ఆకు లేదు, కాల్చేసినట్టున్నాయి. చచ్చిపోయాయనుకుని కొందరు నరికేశారు. నరకనివి కొన్నాళ్ళకి చిగురు తొడిగాయి. ఆకు లేకుండా అన్నాళ్ళు ఎలా ఊపిరి పీల్చాయో అప్పట్లో అర్థం కాలేదు.

ఇప్పుడు అసలు బాధ. మేం అద్దెకుండే ఇంటి ముందు పెద్ద వేప ఉంది, వీధి మొత్తానికి నీడ. ఓనరు గారు వాకిలంతా సిమెంటు చేయించారు, చెట్టు మొదలుకి అంగుళం కూడా వదల్లేదు. అప్పటి నుంచి తల కొమ్మలు ఎండుతూ వస్తున్నాయి, ఈ ఏడాది ఆకు చిన్నదైపోయింది. నీళ్ళు పోయడానికి కూడా చోటు లేదు. చెట్టుకి వయసైపోయింది, కొట్టేద్దాం అంటున్నారు ఆయన. ఆ పెరటి వంగకి జరిగిందే దీనికి జరుగుతోందా?

బొబ్బిలి_మాస్టారు:
మీ జీడిచెట్లు బెరడుతో ఊపిరి పీల్చాయి. కొమ్మల మీద సన్నటి గరుకు చుక్కలుంటాయి, వేలితో తడిమితే తెలుస్తాయి, వాటిని లెంటిసెల్స్ అంటారు. మామిడి పండు తొక్క మీద కనిపించే తెల్లటి చుక్కలూ అవే. ఆ సందుల్లోంచి కాండం లోపలి కణాలకి ఆక్సిజన్ అందుతుంది, దాచుకున్న పిండిని వాడుకుని చెట్టు చిగురు వేస్తుంది. ఆకు లేనంత మాత్రాన చెట్టు చచ్చినట్టు కాదు, బెరడు గోటితో గీకితే లోపల పచ్చగా ఉంటే ఆగాలి.

వేపకి జరుగుతున్నది మీరన్నదే, కాకపోతే నీళ్ళ బదులు సిమెంటు. చెట్టుకి ఆహారం, నీళ్ళు లాగే సన్న వేళ్ళు ఎక్కువ భాగం పైపై మట్టిలోనే, రెండు అడుగుల లోపే ఉంటాయి, గాలి దొరికేది అక్కడే కాబట్టి. పైన సిమెంటు వేస్తే ఆక్సిజన్ లోపలికి పోదు, కార్బన్ డయాక్సైడ్ బయటికి రాదు, వాన నీరూ దిగదు. ఇది మెల్లగా జరిగే పని, ఏళ్ళు పడుతుంది, అందుకే జనం వయసు అనుకుంటారు. వేప అంత తొందరగా ముసలిదైపోయే చెట్టు కాదు. ఢిల్లీలో 2013లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది, ఆ మాట ఓనరు గారికి చెప్పండి.

పెరటితోట_విజయనగరం:
ఇది చదువుతుంటే మా వీధిలో ఎన్ని చెట్లకి ఇలా మెడ దాకా సిమెంటు ఉందో గుర్తొచ్చింది. మా అబ్బాయి మాస్టారి మాటలన్నీ చదివాడు. వేరు, గింజ ఊపిరి పీలుస్తాయని కళ్ళతో చూడాలంటాడు. ఇంట్లో చేయగలిగింది ఏమైనా ఉందా?

బొబ్బిలి_మాస్టారు:
ఉంది. తాంబూలం సున్నం కొంచెం నీళ్ళలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచి, పై తేట మాత్రం మెల్లగా వంచుకోండి. సున్నం కదా, పెద్దవాళ్ళు దగ్గరుండి చేయించాలి, కళ్ళలో పడకూడదు. పెసలు నానబెట్టి మొలకెత్తించి ఒక వెడల్పు మూతి సీసాలో సగం దాకా వేయండి. ఇంకో సీసాలో ఉడకబెట్టి చల్లార్చిన పెసలు వేయండి. రెండింటిలోనూ చిన్న మూతలో సున్నపు తేట పోసి పైన పెట్టి, గాలి పోకుండా బిగించి చీకట్లో ఉంచండి. మర్నాడు పొద్దున్న, మొలకలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ తగిలి, ఆ సీసాలో తేట మీద తెల్లటి పొర కట్టి ఉంటుంది, ఉడికిన పెసల దాంట్లో అంత ఉండదు. తర్వాత మొలకల సీసాలో వెలిగించిన అగరొత్తి మెల్లగా దింపమనండి, నిప్పు ఆరిపోతుంది. లోపలి ఆక్సిజన్ ఎవరు వాడుకున్నారో అబ్బాయినే చెప్పమనండి.

పలాస_జీడి:
ఓనరు గారితో మాట్లాడాను. మొదట ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్ మాట చెప్పాక, ఎండలో వీధి వాళ్ళం నలుగురం వెళ్ళి నిలబడ్డాక సరే అన్నారు. ఖర్చు మేమే పెట్టుకుంటాం అన్నాం. ఎంత మేర తీయాలి, ఎలా తీయాలి? మేస్త్రీ బ్రేకర్ మెషీన్ తెస్తానంటున్నాడు.

అగ్రి_ఆముదాలవలస:
మెషీన్ అంచు వరకే వాడమనండి. మొదలుకి దగ్గరగా సుత్తి, ఉలితోనే, ముక్కలు ఎత్తేటప్పుడు కింద వేళ్ళు తెగకుండా. కనీసం మీటరు, వీలైతే ఇంకా ఎక్కువ. గట్టిపడిన మట్టిని లోతుగా తవ్వొద్దు, చేత్తో పైపైన గుల్ల చేసి, ఎండుటాకులు, బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు అంగుళాల మందాన పరచండి, మొదలుకి ఆనకుండా. మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోయడం మాత్రం వద్దు, అదీ గాలిని ఆపుతుంది. ఎండిన కొమ్మలు ఇప్పుడే కొట్టకండి, చిగురు ఎక్కడిదాకా వస్తుందో చూసి అప్పుడు కొట్టొచ్చు. వారానికోసారి బాగా తడిపి, మధ్యలో ఆరనివ్వండి.

పలాస_జీడి:
సరేనండి. ఆదివారం మేస్త్రీ వస్తాడు, నేను దగ్గరుండి చూసుకుంటాను. పక్కింటి వాళ్ళ కానుగ మొదట్లో సిమెంటు కూడా అదే రోజు తీయిస్తామన్నారు.